అనసూయ గారు లేరండీ

పుష్కరకాలం పాటు ఎవరూ పిలవని పేరును మా మండలంలో సర్కారు వెనక్కి తీసేసుకుంటుంది. ఇందులో గుండెలు బాదుకోవాల్సిందేమీ లేదు. సాగు చెయ్యకుండా పడేసిన పట్టా భూమిని తీసుకోవట్లేదా? ఆరు నెలలు సరుకు తెచ్చుకోకపోతే రేషన్ కార్డు కొట్టేయట్లేదా? పేరు మాత్రం ఏమైనా పైనుంచి ఊడిపడిందా! పైగా పేర్లకి కోటా ఉంది. ఒక్కో పేరు మండలానికి ఇన్నేనని లెక్క. ఉన్నవాళ్ళలో ఒకళ్ళు పోతేనో, ఒకళ్ళ దగ్గర ఊరికే మూలపడి ఉందని తేలితేనో ఇంకొకళ్ళకి దక్కుతుంది.

ఈ పనులన్నీ చూసేది నామ వినియోగ కార్యాలయం. మండలాఫీసు మేడ మీద, ఉద్యానశాఖ గదికి ఆనుకుని ఉంటుంది. తలుపు తియ్యగానే వేపపిండి వాసన కొడుతుంది. అక్కడి పెద్దాయన పేరిశాస్త్రి గారు. ఆ పేరు ఉండబట్టే ఆయనకి ఆ కుర్చీ దొరికిందని గిట్టనివాళ్ళంటారు గానీ, ఆయన పరీక్ష రాసి వచ్చినవాడే. ఆయన కింద సింహాద్రి అని రీడరు ఒకడు. కరెంటు మీటరు చూసేవాళ్ళలాగే ఇంటింటికీ తిరిగి, మనిషి కుడిచెవికి ఇత్తడి గొట్టం ఆనించి, పేరు ఎన్నిసార్లు పిలవబడిందో చదివి రాసుకుపోతాడు. పుట్టినప్పుడు పేరు ఊదేది కుడిచెవిలోనే కాబట్టి రీడింగు కూడా అక్కడే ఉంటుంది.

పద్నాలుగో రిజిస్టరు మూడో పేజీలో ఇలా ఉంది: 'అనసూయ. వ్యుత్పత్తి: అన్ + అసూయ. అర్థం: అసూయ లేనిది. కోవ: ఋషిపత్నులు. కోటా: అరవై. ప్రాచుర్యం: మొదట హెచ్చు, నడుమ సున్నా, ప్రస్తుతం విపరీతం.' మొదట్లో వీధికి ఇద్దరుండేవారు, పెద్దనసూయ, చిన్ననసూయ అని. తర్వాత లతలూ జ్యోతులూ శ్రీలూ వచ్చిపడ్డాయి. నలభై ఏళ్ళు ఆ పేరు అడిగిన నాథుడు లేడు. గిరాకీ లేని పేర్ల జోలికి ఆఫీసు కూడా పోదు, ఎవరి దగ్గర ఎలా పడున్నా పట్టించుకోదు. ఇప్పుడు కుర్రాళ్ళకి పాత పేర్ల మీద మోజు పుట్టింది, అటక మీది ఇత్తడి బిందెలు దింపి చింతపండేసి తోముకున్నట్టు. అనసూయ కోసం రెండువందల పద్నాలుగు దరఖాస్తులు వచ్చాయి. అరవైకి అరవై నిండి ఉన్నాయి.

సత్రం వీధిలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే సురేంద్రది మొదటి దరఖాస్తు. అతనికి ఆడపిల్ల పుట్టింది. మూడో నెలలో బారసాల పెట్టుకున్నారు. 'మా నాయనమ్మ పేరు' అని దరఖాస్తులో రాశాడు. ఆ నాయనమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. అప్పట్లో గిరాకీ లేక ఆవిడ పేరును పక్క మండలానికి బదిలీ చేసేశారు. మూలపడ్డ పేరు ఏదైనా తేలితే కబురు చేస్తామని పేరిశాస్త్రి గారు చెప్పి పంపారు.

పది రోజులకి తేలింది. పోస్టుమాను డోర్ నంబరు నాలుగు-నూటపన్నెండుకి వెళ్ళి, 'శ్రీమతి అనసూయ గారికి నోటీసుందండీ' అని కేకేశాడు. మార్కెట్ యార్డులో కాటా గుమాస్తాగా చేసి రిటైరైన కోటిలింగం అరుగు మీద కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు.

"మా అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది బాబూ," అన్నాడు.

లోపల గోంగూర ఒలుస్తున్న ఆయన భార్య కూడా, పాపం మనిషి అంతదూరం వచ్చాడే అని, "మా అత్తగారు లేరండీ," అని వంటింట్లోంచే చెప్పింది. పోస్టుమాను కవరు మీద 'లేరు' అని రాసుకుపోయాడు. ఆ 'లేరు' అన్న ముక్కనే ఆఫీసువారు మొదటి సాక్ష్యంగా ఫైలులో పెట్టుకున్నారు.

మర్నాడు సింహాద్రి గొట్టం పట్టుకుని వచ్చాడు.

"అమ్మగారూ, మీ పేరేంటండీ?"

ఆవిడ చేతిలో ఆకు అలాగే పట్టుకుని కొంచెంసేపు ఆలోచించింది. అడిగేసరికి చప్పున రాలేదు. వచ్చాక మాత్రం మొహం అదోలా అయిపోయింది.

"అనసూయ," అంది.

సంగతేమిటంటే ఆవిడ పేరూ అనసూయే. పదిహేడో ఏట ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి అత్తగారూ అనసూయే. పెళ్ళిపీటల మీదే అత్తగారు తేల్చేసింది: 'దాన్ని పేరుపెట్టి పిలిస్తే నన్ను పిలిచినట్టుంటుంది, దాన్ని తిడితే నన్ను తిట్టినట్టుంటుంది. కుదరదు.' మరి ఏమని పిలవాలో ఎవరూ అనుకోలేదు. అనుకోకుండానే జరిగిపోయింది. అత్తగారు 'కోడలుపిల్లా' అనేది. మొగుడు 'ఇదిగో' అనేవాడు. కొడుకు పుట్టాక వీధివాళ్ళు 'సురేంద్ర వాళ్ళమ్మ' అన్నారు. ఒకసారి ఆవిడ తండ్రి చూసిపోదామని వచ్చి, గేటు దగ్గర నిలబడి "అనసూయా!" అని ప్రేమగా పిలిచాడు. అత్తగారు బయటికొచ్చి, "ఏం అన్నయ్యగారూ, నన్ను పేరుపెట్టి పిలిచేటంతవారయ్యారా?" అంది. ఆ పెద్దమనిషి సిగ్గుతో చచ్చిపోయాడు. మళ్ళీ ఎప్పుడొచ్చినా గేటు గొళ్ళెం చప్పుడు చేసేవాడు, అంతే.

సింహాద్రి గొట్టం ఆనించి చదివాడు. పెళ్ళికి ముందు అరవై ఒక్క వేల చిల్లర. పెళ్ళి తర్వాత రెండు. ఒకటి తండ్రి గేటు దగ్గర పిలిచింది. రెండోది మూడేళ్ళ కిందట ఆసుపత్రిలో నర్సు పిలిచింది. కానీ నర్సు పిలిచినప్పుడు ఈవిడ తిరిగి చూడలేదు, పక్కన కూర్చున్న ఇంకో అనసూయ లేచి వెళ్ళిపోయింది. తిరిగి చూడని పిలుపు లెక్కలోకి రాదు.

"పుష్కరంలో ఒక్కటీ లేదమ్మా," అన్నాడు సింహాద్రి. "పదిహేను రోజులు గడువుంది. పుట్టింటివైపు నుంచి ఒకరు, మెట్టినింటివైపు నుంచి ఒకరు పిలవాలి. వాళ్ళు మిమ్మల్ని ఎరిగినవాళ్ళై ఉండాలి, మీరు తిరిగి చూడాలి. లేదంటే పేరు జమ అయిపోతుంది."

"జమ అయితే నన్నేమంటారు బాబూ?"

"సంబంధనామం ఇస్తారమ్మా. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి, అలాగ. చాలామందికి అదే నడుస్తోంది. ఇబ్బందేం ఉండదు."

మధ్యాహ్నం భోజనాల దగ్గర సురేంద్ర ఎగిరి గంతేసినంత పనిచేశాడు. ఆఫీసు నుంచి ఫోనొచ్చిందట, పేరొకటి ఖాళీ అవుతోందని. "డోర్ నంబరు మనదే చెప్తున్నారు నాన్నా, పొరపాటు పడ్డట్టున్నారు. మన ఇంట్లో ఇంకో అనసూయ ఎవరున్నారు?"

కోటిలింగం మజ్జిగలో ఉప్పు కలుపుకుంటూ తలెత్తలేదు. వడ్డిస్తున్న తల్లి గరిటె గిన్నెలో పెట్టేసింది.

"నేనేరా," అంది.

కోడలు హరిప్రియ పిల్లని ఒళ్ళో వేసుకుని కళ్ళు ఇంతింత చేసుకుంది. "అయ్యో అత్తయ్యా, మీ పేరూ అదేనా? ఎప్పుడూ చెప్పలేదేం!"

సురేంద్ర కాసేపు బిత్తరపోయినా, చెడ్డవాడు కాదు, తొందరగానే తేరుకున్నాడు. "అయితే ఇంకేం అమ్మా! బయటివాళ్ళది లాక్కున్నట్టు కూడా ఉండదు. నువ్వెలాగూ వాడట్లేదు కదా."

వాడట్లేదన్న మాట నిజమే. కానీ ఈ ఇంటికొచ్చేటప్పుడు తెచ్చుకున్న బిందెలు ఒక ఆడబిడ్డ, పందిరిమంచం ఇంకో ఆడబిడ్డ పట్టుకుపోయారు. చీరలు చిరిగి బొంతలయ్యాయి. పుట్టింటినుంచి తెచ్చుకున్నవాటిలో చెక్కుచెదరకుండా మిగిలింది ఈ పేరొక్కటే. వాడకపోతే మాత్రం, నాది నాది కాకుండా పోతుందా? బంగారంలాంటి మనవరాలికి ఇవ్వనంటే లోకం మొహాన ఊస్తుందని తెలుసు. అయినా ఇవ్వబుద్ధి కాలేదు. ఆ రోజు ఆవిడ అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి చిన్నప్పటి స్నేహితురాలు మంగతాయారు ఊరు వెళ్ళింది. ఇద్దరూ ఒకే పలక మీద దిద్దుకున్నవాళ్ళు. మంగతాయారు ఇంటి తలుపు మీద ఆఫీసువారి రేకు బిళ్ళ ఉంది: 'కీ.శే. పట్టాభిరామయ్య మాష్టారు గారి భార్య'. తలుపు తీసిన మంగతాయారు ఆవిణ్ణి పైనుంచి కిందికి చూసి, "ఒసే అనసూయా! ఏమిటే ఇలా చిక్కిపోయావ్!" అని గట్టిగా అరిచి పట్టేసుకుంది.

అనసూయ తిరిగి చూడటమేమిటి, భోరున ఏడ్చేసింది. కుడిచెవిలో సన్నగా గీరినట్టయింది. పుట్టింటివైపు పిలుపు పడింది.

"నీ పేరెప్పుడు పోయిందే?" అని అడిగింది, కాఫీ తాగుతున్నప్పుడు.

"రెండేళ్ళయింది. నా పేరు ఎవరో సీరియల్లో పెట్టారట, ఒక్కసారిగా ఎగబడ్డారు. మొదట్లో అన్నం సయించలేదనుకో. తర్వాత చూసుకుంటే ఏముంది? నూతి దగ్గర మాష్టారు గారి భార్యే, బజార్లో మాష్టారు గారి భార్యే. మారిందేమీ లేదు." ఆగి, గొంతు తగ్గించింది. "నువ్వొకసారి నన్ను పిలవవే."

అనసూయ పిలవబోయింది. ఎదురుగా కూర్చున్న మనిషే, తెలిసిన పేరే, కానీ నాలుక మీదికి వచ్చేసరికి జారిపోయింది. జమ అయిపోయిన పేరు ఆ మనిషి నోటికీ రాదు, ఆ మనిషిని పిలవబోయేవాళ్ళ నోటికీ రాదు మరి. "ఒసే పిల్లా," అంది చివరికి. ఇద్దరూ నవ్వుకున్నారు.

తిరుగుదారిలో ఆఫీసుకి వెళ్ళి ఒక పిలుపు నమోదు చేయించుకుంది. పేరిశాస్త్రి గారు మర్యాదస్తుడు, కుర్చీ వేయించారు.

"అమ్మా, సగం సరెండరు అని ఒక పద్ధతుంది," అన్నారు. "మీవాళ్ళు పిల్లని ఎలాగూ 'అను' అనే పిలుస్తామని రాశారు. ముందు భాగం వాళ్ళకిచ్చేస్తే మిగిలింది మీరుంచుకోవచ్చు."

"మిగిలిందేమిటండీ?"

"సంధి విడదీస్తే అసూయ. ఆ పేరుకి కోటా మొత్తం ఖాళీగానే ఉంది."

"ఈ వయసులో నన్ను అసూయ అని పిలిపించుకోమంటారా?"

"ఎవరు పిలుస్తారమ్మా?" అన్నారాయన. ఎద్దేవా చెయ్యడానికి కాదు, నిజంగానే సందేహం వచ్చి అడిగారు. ఆవిడ లేచి వచ్చేసింది.

ఇక మెట్టినింటి పిలుపు కావాలి. సురేంద్ర దరఖాస్తుదారు, అతని పిలుపు చెల్లదు. హరిప్రియ చెంపలేసుకుంది, "అత్తగారిని పేరుపెట్టి పిలుస్తానా, కళ్ళు పోవూ!" అని. ఆడబిడ్డలు ఫోన్లోనే, పసిపిల్ల పేరు దగ్గర ఈ పంతమేమిటని నాలుగు అక్షింతలు వేశారు. మిగిలింది కోటిలింగం ఒక్కడే.

ఆయన కాదనలేదు. నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో భార్య ఆయన్ని అడిగినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రోజూ పెరట్లోకి వెళ్ళి కరివేపాకు చెట్టు ముందు నిలబడి సాధన మొదలుపెట్టాడు. "అన... అన..." అనేవాడు. అక్కడితో ఆగిపోయేవాడు. బస్తాల బరువు చూసి తూకం చెప్పిన మనిషి, నాలుగక్షరాలు మొయ్యలేక చెమటలు కక్కేవాడు.

"మా అమ్మని ఒసే తసే అన్నట్టుందే," అన్నాడొకరోజు, కళ్ళు తుడుచుకుని. "అయినా ఇదిగో అంటే నువ్వు ఎప్పుడైనా పలక్కుండా ఉన్నావా? మధ్యలో ఈ పేరెందుకసలు?"

"నేను పోయాక ఎవర్ని తలుచుకుంటారు?" అంది అనసూయ.

ఆయన మళ్ళీ కరివేపాకు చెట్టు దగ్గరికి వెళ్ళాడు.

పదిహేనో రోజు అందరూ ఆఫీసులో ఉన్నారు. సింహాద్రి అనసూయ చెవికి గొట్టం ఆనించి పెట్టాడు. ఆవిడ బెంచీ మీద గోడవైపు మొహం పెట్టి కూర్చుంది, తిరిగి చూడటం స్పష్టంగా కనపడాలి కదా. ఎదురుగోడకి ఒక తలుపుంది. సురేంద్ర పిల్లని ఎత్తుకుని మూల నిలబడ్డాడు. కోటిలింగం గది మధ్యలోకొచ్చి, ఉత్తరీయం సర్దుకుని, కళ్ళు మూసుకుని, ఒంట్లో ఉన్న బలమంతా కూడగట్టుకుని కేకేశాడు.

"అనసూయా!"

స్పష్టంగా, ఒక్క అక్షరం నలగకుండా, ఉద్యానశాఖ వాళ్ళు కూడా తొంగిచూసేంత గట్టిగా వచ్చింది.

అనసూయ దిగ్గున లేచి నిలబడింది. చటుక్కున పమిట భుజం నిండా కప్పుకుంది. కట్టుకున్న చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. తల కొంచెం వంచి, ఎదురుగా ఉన్న తలుపు వైపు చూస్తూ అత్తగారు రావడం కోసం ఎదురుచూసింది.

ఆవిడకి తెలిసొచ్చేసరికి ఆలస్యమైపోయింది. తిరిగింది, మొగుణ్ణి చూసింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కోటిలింగం అలాగే నిలబడి ఉన్నాడు, ఆయన కూడా ఆ తలుపు వైపే చూస్తున్నాడు.

పేరిశాస్త్రి గారు కళ్ళజోడు తుడుచుకుని రిజిస్టర్లో రాశారు: 'పిలుపు చెల్లినది. చేరినది: కీర్తిశేషులైన అత్తగారికి.'

"ఇంకొక్కసారి పిలుస్తానండీ," అన్నాడు కోటిలింగం.

"ఒక్కటే అవకాశమండీ. నిబంధన."

పేరు తీయడానికి ఎంతోసేపు పట్టదు. ఎడమచెవి మూసి, కుడిచెవిలో ముమ్మారు తిరగేసి చదువుతారు. యసూనా, యసూనా, యసూనా. నొప్పేమీ ఉండదు. ఆవిడ కాగితం మీద సంతకం పెట్టబోయి కలం పట్టుకుని ఆగిపోయింది. ఆవిడకి బాగా రాయడం వచ్చిన ముక్క అదొక్కటే. సింహాద్రి సిరా డబ్బా జరిపాడు, వేలిముద్ర వేసింది. ఇక్కణ్ణుంచి ఆవిణ్ణి కోటిలింగం గారి భార్య అనే రాయాలి.

బారసాల నాడు కోటిలింగం గారి భార్యే బియ్యం చెరిగింది, రాళ్ళు ఏరింది, పళ్ళెంలో నెరిపి పసుపు చల్లింది. సురేంద్ర ఉంగరంతో బియ్యంలో 'అనసూయ' అని రాశాడు, పిల్ల కుడిచెవిలో ముమ్మారు ఊదాడు. పేరు ఎంత బాగుందో, ఎంత అర్థముందో అని వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. అసూయ లేనిదట, ఈ రోజుల్లో అలాంటి గుణం ఎక్కడుందండీ అన్నారు.

విస్తళ్ళు వేస్తుండగా పెద్దాడబిడ్డ గుర్తుచేసింది. "ఒరేయ్, అది అమ్మ పేరు. దాన్ని పేరుపెట్టి తిట్టారో, 'రావే పోవే' అన్నారో, బాగుండదు."

"అవునవును," అన్నాడు సురేంద్ర. "అను అన్నా నాయనమ్మని ఎగతాళి చేసినట్టే ఉంటుంది."

"బుజ్జమ్మ అందాం లెండి," అంది హరిప్రియ.

పెరుగు వడ్డించే వేళకి అందరికీ బుజ్జమ్మ అలవాటైపోయింది.

ఏడాది నిండిన పిల్లలకి తొలి రీడింగు ఉంటుంది. సింహాద్రి వచ్చి పిల్ల కుడిచెవికి చిన్న గొట్టం ఆనించాడు. చదివి, గొట్టం దులిపి, మళ్ళీ చదివాడు.

"పదమూడు వందల పదకొండు," అన్నాడు. "బాగా వాడుతున్నారండీ."

"మేమెవ్వరం పిలవట్లేదండీ!" అంది హరిప్రియ, తప్పు చేసినదానిలా. "మా మావగారి అమ్మగారి పేరు కదా, బుజ్జమ్మనే అంటాం."

"అన్నీ ఒకే గొంతండి. రోజూ మధ్యాహ్నం రెండింటికీ మూడింటికీ మధ్య."

అందరూ వంటింటి గడప వైపు చూశారు. అక్కడ కోటిలింగం గారి భార్య ములక్కాడలు కోస్తోంది.

"నేనే బాబూ," అంది. "అందరూ కునుకు తీసినప్పుడు పిలుస్తుంటాను. ఎవరో ఒకళ్ళు పిలవాలి కదా. పాపం అదేం చేసింది?"

జమ అయిపోయిన పేరు ఆవిడ నోటికి రావడం సింహాద్రికి వింతగా తోచింది గానీ, ఆ పేరు అదే ఇంట్లో ఇంకొకళ్ళకి పెట్టినప్పుడు నాలుకకి కొంత అంటుకుని ఉండిపోతుందని శిక్షణలో చెప్పారు. ఫారం తీశాడు. పిల్ల తిరిగి చూసేదా అని అడిగాడు. చూసేదంది, ప్రతిసారీ. గడిలో టిక్కు పెట్టాడు. తర్వాతి గడి దగ్గర కలం ఆగింది.

"పిలిచినవారి పేరు?"

"కోటిలింగం గారి భార్య," అందావిడ.

"సంబంధం కాదమ్మా, పేరు కావాలి. నోటీసు పిలుపులకి ఎరిగినవాళ్ళయితే చాలు గానీ, రీడింగులో పేరు లేనివాళ్ళ పిలుపు లెక్కలోకి రాదు." అతనికీ బాధగానే ఉంది. కొంచెంసేపు కలం మూత పెట్టి తీసి, పదమూడు వందల పదకొండు మీద నిలువునా గీత గీసి, పక్కన సున్నా చుట్టాడు. "ఇంకా పదకొండేళ్ళు గడువుంది. ఈలోపు ఇంట్లోవాళ్ళు పిలిస్తే సరిపోతుంది. మరోలా అనుకోకండి."

"అయ్యో, నీదేముంది బాబూ," అని ఆవిడ మజ్జిగ కలిపి తెచ్చి ఇచ్చింది. అతను తాగి, గ్లాసు గోడవారన పెట్టి, గొట్టాలు సంచీలో సర్దుకుని వెళ్ళిపోయాడు. హరిప్రియ ఫోనొస్తే లోపలికి వెళ్ళింది. కోటిలింగం అరుగు మీద పేపరు తిరగేస్తున్నాడు.

పిల్ల పాకుకుంటూ అరుగు అంచుకి పోతోంది. అవతల మూడు మెట్లు. కోటిలింగం గారి భార్య కత్తిపీట వదిలేసి నోరు తెరిచింది. అలవాటు కొద్దీ 'అ' అని పెదాల దాకా వచ్చింది. పిలిచినా ఒకటే పిలవకపోయినా ఒకటే అని ఇప్పుడే కదా చెప్పి వెళ్ళారు. మింగేసుకుంది.

"బుజ్జమ్మా!" అంది.

పిల్ల ఠక్కున తిరిగి చూసింది.